బిందె నీళ్ళకు పోటీరాని పూలతోట
— ద్వితీయ బి.ఎస్సీ. (బి.జెడ్.సి.) విద్యార్థి

పూలతోట అనగానే మనలో చాలామందికి రెండు భయాలు: ఒకటి నీళ్ళు, రెండోది చాకిరీ. ఈ భయాలు అకారణమైనవి కావు. కార్తీకంలో నారుపోసి, సంక్రాంతి నాటికి మడులనిండా పూయించుకున్న పిటూనియాలు, ఆస్టర్లు ఎండలు ముదిరేసరికి పుల్లలై నిలుస్తాయి. మరుసటి ఏడు మళ్ళీ విత్తనం, మళ్ళీ నారు, మళ్ళీ కూలి. ఇవి ఏకవార్షికాలు. గింజ కట్టి చచ్చిపోవడమే వాటి ధర్మం. మే నెలలో బిందెడు నీళ్ళకోసం వరుసలో నిలబడే ఊళ్ళు మనకున్నాయి. పూలమొక్కకు నీళ్ళు పోయడం న్యాయమేనా అని మా ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. దానికి జవాబు తోట మానుకోవడం కాదు, మొక్కను తెలిసి ఎంచుకోవడం.

కొన్ని బహువార్షికాలు ఏడాదిలో ఎక్కువకాలం ఎందుకు పూస్తాయి? 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు పగటి నిడివిని బట్టి మొక్కలు పూతకు వస్తాయని చూపించారు. పగలు కురచయితేగాని చేమంతి మొగ్గ తొడగదు. అందుకే మనకది చలికాలపు పువ్వు. మరికొన్నింటికి ఈ పట్టింపు లేదు. ఎండ, వెచ్చదనం, కాస్త తడి ఉంటే చాలు, చిగురు వేసినప్పుడల్లా పూస్తాయి. రెండో కారణం విత్తనం. కాయ పట్టిన మొక్క తన బలాన్ని కాయకే పెడుతుంది. ముద్దమందారం, ముద్దనందివర్ధనం మన పెరళ్ళలో సాధారణంగా కాయ కట్టవు. ఢిల్లీ కనకాంబరంలో క్రోమోసోములు మూడు జట్లుంటాయి గనుక దానికి గింజ రాదు; కొమ్మముక్కలతోనే పెంచుకోవాలి. కాయ బాధ్యత లేని ఈ మొక్కలకు పూయడమే పని!

ఇక ఎంపిక. బీదవాడి తోటకు మొదటి పేరు బిళ్ళగన్నేరు. మడగాస్కర్ దీని పుట్టినిల్లు. పిల్లల రక్త క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు దీనినుంచి వచ్చిందే. పశువు ముట్టదు, ఎండకు జంకదు, దాని గింజ అదే రాలి మొలుస్తుంది. నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్ళి ఒక్క వారంలో వాలిపోతుంది. కాబట్టి నల్లరేగడిలో అయితే కట్టమీద నాటాలి. రెండు మూడేళ్ళకు కాడలు సాగి వికారమవుతుంది. అప్పుడు పాతది పీకి, కింద మొలిచిన పిల్లమొక్కను నిలుపుకోవాలి.

కాగితంపూలలో మనం చూసే రంగు పువ్వుది కాదు, పుష్పపుచ్ఛాలది. అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్లని గొట్టం. దీనికి నీళ్ళెక్కువైతే ఆకే గాని పువ్వుండదు. నీటి కరువున్నచోట ఇంతకంటే ఏం కావాలి? నూరువరహాలు ఎర్రనేలల్లో బాగుంటాయి. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందక లేతాకులు పచ్చబడతాయి. మందారపు పువ్వు ఒక్కరోజుదే అయినా, రేపటి మొగ్గ ఈరోజే సిద్ధంగా ఉంటుంది. దాని శత్రువు పిండినల్లి. మొదట్లోనే ఆ కొమ్మ తుంచి తగలబెట్టి, మిగతా మొక్కను సబ్బునీళ్ళతో కడిగితే చాలావరకు అదుపులో ఉంటుంది.

గన్నేరు సంగతి విడిగా చెప్పాలి. హైవేల నడుమ ఏపుగా పూసేది ఇదే. కాని ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. గుండెను పట్టే విషం. పచ్చి ఆకు చేదుకి పశువు సాధారణంగా మూతి పెట్టదు. కత్తిరించిన కొమ్మలు వాడి గడ్డిలో కలిస్తేనే ముప్పు. మా ఊళ్ళో ఒక రైతు పాడిగేదె ఇలాగే పోయింది. ఇంటావిడ గోడ అవతల పారేసినవి నాలుగు కొమ్మలే, కాని ఆ గేదె పాలమీదే ఆ ఇంట్లో పిల్లల చదువు నడిచేది. కాబట్టి పిల్లలు, పశువులు తిరిగేచోట గన్నేరు వద్దు. ఉన్నచోట కత్తిరించినవాటిని గుంట తీసి పూడ్చండి. తగలబెట్టవద్దు, దాని పొగ కూడా మంచిది కాదు.

నాటడానికి అదును తొలకరి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాటితే మొదటి నాలుగు నెలలు వానే సాకుతుంది. మోకాటిలోతు గొయ్యి తీసి, చివికిన పశువుల ఎరువు సగానికి సగం మట్టిలో కలిపి నింపాలి. పచ్చిపేడ వేస్తే చెదలు పడతాయి. తరువాత నీళ్ళ లెక్క. రోజూ చెంబెడు చల్లితే వేరు పైపైనే ఉండిపోతుంది. వారానికొకసారి పాదు నిండా పోస్తే తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. పాదులో ఎండుటాకులో, వేరుశనగ పొట్టో నాలుగు వేళ్ళ మందాన కప్పితే తడి ఆరదు, కలుపూ రాదు. మొదటి వేసవి గట్టెక్కించిన మొక్క రెండో వేసవికి మన మొహం చూడదు. ఈ పొదలు కొత్తచిగురు కొసనే పూస్తాయి గనుక ఏటా ఒకసారి, తొలకరి ముందు, మూడోవంతు కొమ్మ కత్తిరించాలి. చాకిరీ అంటే ఇంతే.

బట్టలుతికిన నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు ఈ తోటకు చాలు. మిత్రులారా! మన హాస్టళ్ళలో కుళాయిల దగ్గర నిత్యం కాలువకట్టి పోయే నీళ్ళు ఎన్ని పాదులకు సరిపోతాయో ఒక్కసారి లెక్కవేయండి. వచ్చే తొలకరికి గదికొక మొక్క నాటితే, మనం పరీక్షలు రాసి వెళ్ళిపోయాక కూడా మన తరువాతివాళ్ళకు ఆ పూలు మిగులుతాయి.