ప్లాస్మాలోనికి రేడియో తరంగముల ప్రవేశము

సూర్యునియందు హైడ్రోజను పరమాణుగర్భములు ఏకమగుటచే మహాశక్తి జనించుచున్నది. ఇట్టి క్రియను భూమిపై సాధింపగోరి శాస్త్రజ్ఞులు టోకమాక్ అను యంత్రమును నిర్మించిరి. కంకణాకారమగు పాత్రలో మిక్కిలి వేడియగు ప్లాస్మాను అయస్కాంతబలము గోడలకు తగులనీయక నిలుపును. అందులకు ప్లాస్మాలో విద్యుత్ప్రవాహము కూడ నుండవలెను. ట్రాన్స్‌ఫార్మరు రీతిని పుట్టించిన ప్రవాహము, నడుమనున్న తీగచుట్టలో విద్యుత్తు మారుచున్నంతవరకే నిలుచును. కావున రేడియో తరంగములచే ఎలక్ట్రానులను ఒకే దిక్కునకు ద్రోయు పద్ధతి యవసరమైనది.

ఈ తరంగములు బోలుగానుండు లోహపు గొట్టముల గుండ వచ్చును. ఫ్రాన్సు దేశమున కాదరాష్‌నందలి వెస్ట్ యంత్రములో వాని కంపనములు సెకనునకు 370 కోట్లు. గొట్టముల నోళ్లను వరుసగా పేర్చి, ఒక్కొక్కదానిలో తరంగమును ప్రక్కదానికంటె కొంచెము వెనుకగా నడపుదురు. అప్పుడది అయస్కాంతరేఖల వెంబడి ఒకే వైపునకు సాగి, ఎలక్ట్రానులను తనతో గొనిపోవును.

చిక్కు నోటియొద్దనే యున్నది. అచ్చట ప్లాస్మా మిక్కిలి పలుచనైనచో తరంగము లోనికి సాగజాలక వెనుకకు మరలును. నోటిని దగ్గరకు జరిపినచో వేడికి లోహము చెడును. అందుచే నోటిని కొంత దూరముననే యుంచి, దాని చెంత కొద్దిపాటి వాయువును విడిచి ప్లాస్మాను చిక్కపరతురు. ఇంగ్లండునందలి జెట్ యంత్రమున ఈ యుపాయము ఫలించెను.

2025 ఫిబ్రవరి 12వ తేదీన వెస్ట్ యంత్రము 2 మెగావాట్ల తరంగశక్తితో ప్లాస్మాను 1,337 సెకనులు, అనగా 22 నిమిషములకు పైగా, నిలిపెను. అది విద్యుత్తు నుత్పత్తిచేయు యంత్రము గాదు. ప్లాస్మాను నిలుపు విధమును నేర్చుకొనుటకైన యంత్రము. శక్తి యుండినంతమాత్రమున చాలదనియు, దానికి తగిన ద్వారము నమర్చవలెననియు విద్యార్థులు గ్రహింతురు గాక.