పొలముబాటపై విద్యుచ్ఛకటము



నేటి ప్రసంగమునకు విషయము ఒక బండి. దానికి ఎద్దులు లేవు, పెట్రోలుతో పనిలేదు, పొగ రాదు. ఇంటి పెరటిలో ఇనుప గొట్టములతో కట్టబడి, రాత్రివేళ గోడకున్న ప్లగ్గునుండి విద్యుత్తును నింపుకొని, పగలు పొలముబాటపై నడచు నాలుగుచక్రముల చిన్న శకటమది. దానిని చేసినవాడు నా పూర్వశిష్యుడు, ఊరిలో వెల్డింగు పనిచేసి జీవించువాడు. అందు నా వంతు లెక్కలు సరిచూచుట మాత్రమే. అయినను ఆ లెక్కలలో ఒక పెద్ద లోపము నావలననే నిలిచిపోయినది. దానిని దాచక చెప్పుటయే ఈ ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

బండి యేల కావలసివచ్చెనో మొదట చెప్పెదను. ఆ శిష్యుని తండ్రికి మోకాళ్లు పట్టుకొనిపోయి రెండేండ్లైనది. పొలము ఊరికి 2 కిలోమీటర్ల దూరమున నున్నది. నడుమ చెఱువుకట్ట యెక్కి దిగవలెను. ఆ పిమ్మట నల్లరేగడి బాట. చినుకు పడిన మోటారు సైకిలు జాఱును. ట్రాక్టరు మీదికి కాలెత్తుటకు ఆ మోకాలు ఒప్పదు. "నా చేను నేను కళ్లారా చూచి రెండేళ్లయింది మాస్టారూ" అని ఆయన నాతో ననినప్పుడు కుమారుడు ప్రక్కనే యుండెను. ఆ నెలలోనే పెరటిలో గొట్టములు కోయు చప్పుడు వినవచ్చెను.

పెట్రోలు ఇంజనును విడిచి విద్యుత్తునే యేల యెన్నుకొనవలెను? ఇంజను తగినంత వేగముగా తిరుగుచున్నప్పుడే బలము చూపును. నిలిచియున్నప్పుడు దానికి బలమే లేదు. అందువలననే దానికి క్లచ్చియు గేర్లును కావలసియున్నవి. విద్యుత్తు మోటారు స్వభావము వేఱు. అది నిలిచినచోటనుండి కదలునపుడే తన నిండు త్రిప్పుడు బలమును చూపగలదు. బురదలో దిగిన చక్రమును మెల్లగా పైకి తీయుటకు కావలసిన గుణమదియే. విద్యుత్తు పాఱుచున్న తీగ అయస్కాంతము చుట్టు తిరుగునని 1821లో మైకేల్ ఫారడే చూపెను. నేటి మోటారులకెల్ల మూలమా సూత్రమే. ఇప్పటి మోటారులో నడుమ అయస్కాంతములు, చుట్టును రాగితీగ చుట్టలు నుండును. కంట్రోలరనెడి పెట్టె ఒక చుట్ట తరువాత నొక చుట్టకు విద్యుత్తు నందించుచు, అయస్కాంతమును తన వెంట త్రిప్పుకొనును. గడ్డిపరక చూపుచు దూడను వెంట నడిపించుకొను విధమది.

మా బండి మోటారు ఒకటిన్నర కిలోవాట్లది. అనగా దాదాపు 2 గుఱ్ఱముల బలము. బ్యాటరీ లిథియం, ఇనుము, ఫాస్ఫేటు కలిసిన జాతి. అది 51 వోల్టులది. 60 ఆంపియరు గంటలు నిలువ చేయును. ఈ రెంటిని హెచ్చించిన 3 కిలోవాటు గంటలగును. మన కరెంటు బిల్లులో 3 యూనిట్లన్న నంతయే. బరువు 30 కిలోల మాత్రము. సీసపు బ్యాటరీలైనచో ఇంత శక్తికి 90 కిలోలైనను మోయవలసివచ్చెడిది.

ఇక మా మొదటి పొరపాటు. మోటారు నిమిషమునకు 3000 చుట్లు తిరుగును. శిష్యుడు మోటారుకు 10 పళ్ల చక్రమును, వెనుక ఇరుసుకు 60 పళ్ల చక్రమును తగిలించి గొలుసు వేసెను. అనగా మోటారు 6 చుట్లు తిరిగిన బండిచక్రము ఒక చుట్టు తిరుగును. సమభూమిపై గంటకు 40 కిలోమీటర్లు దాటిపోయెను. పిల్లలు కేకలు వేసిరి. చెఱువుకట్ట యెక్కబోవగా బండి సగమునకు పోకయే నిలిచిపోయి, కంట్రోలరు కాగి ఆగిపోయెను.

ఆ రాత్రి మేము పలక పట్టితిమి. బండియు మనిషియు కలిసి 300 కిలోలు. కట్టవాలు 6 అడుగులకు 1 అడుగు లేచును. కావున బరువులో ఆఱవ వంతు, 50 కిలోల లాగుడు ఎక్కుటకే కావలెను. మెత్తనినేల చక్రమును పట్టుకొనుట కింకొక 30 కిలోలు. మొత్తము 80. మా మోటారు క్షణకాలము తన నిండు పనికి మూడురెట్లు లాగినను, 10కి 60 పళ్లతో చక్రమువద్ద చేరునది 34 కిలోలు మాత్రమే! వేగము కోరినవానికి బలమెక్కడిది? ఏతముమ్రానున ఇరుసు చోటు మార్చిన, బరువును సులువుగా నెత్తవచ్చును. కాని బాన పైకి వచ్చు ఎత్తు తగ్గును. పళ్లచక్రముల ధర్మమును అదియే. నడుమ నొక ఇరుసు చేర్చి, రెండు మెట్లలో 20 చుట్లకు 1 చుట్టుగా మార్చితిమి. వేగము గంటకు 14 కిలోమీటర్లకు దిగెను; లాగుడు, రాపిడి మినహాయింపగా, 100 కిలోలకు పెరిగెను. మఱునాడు బండి కట్టపైకి సునాయాసముగా నెక్కెను.

ఎక్కుట చూచి సంతోషించితిమి. దిగుటను గూర్చి యెవరమును ఆలోచింపలేదు. ఇదియే నేను చెప్పదలచిన లోపము. బ్రేకు పళ్లెమును శిష్యుడు, చోటు కలిసివచ్చుటచేత, నడిమి ఇరుసుపై బిగించియుండెను. మోటారు సయితము దిగునపుడు వెనుకకు లాగుచు కొంత నిలువరించునుగదా యని మా ధైర్యము. కట్టకావలి వాలున సగము దిగిన తరువాత వెనుక గొలుసు పళ్లనుండి తప్పి క్రిందపడెను. ఆ గొలుసు పోవుటతో మోటారు నిలువరింపును పోయినది; నడిమి ఇరుసు బ్రేకును పోయినది. రెండు కావళ్లని మేము తలచినవి నిజమునకు ఒక్క గొలుసుపైననే వ్రేలాడుచుండెను. శిష్యుడు బ్రేకు త్రొక్కుచునే యుండెను. నడిమి ఇరుసు నిలిచినది, చక్రములు నిలువలేదు. బండి వేగమెత్తి, దమ్ముచేసిన మడిలోనికి దూకి, బురదలో కూరుకొని నిలిచెను. మణికట్టు బెణుకుతో వాడు బయటపడెను. ఆ బురద లేకున్న ఏమైయుండెడిదో ఆలోచించుటకు నా కిప్పటికిని మనసొప్పదు. కట్టమీద కుర్చీ వేసికొని తండ్రి సర్వము చూచుచుండెను. ఆయన నన్నొక్క మాటయు ననలేదు. బలమును గూర్చి నూఱు ప్రశ్నలడిగిన నేను, "ఇది తెగిన నేమగును?" అను ఒక్క ప్రశ్న నడుగలేదు.

ఆ వారమున నేను చంద్రునిపై నడచిన బండిని గూర్చి చదివితిని. 1971 జూలై 31న అపోలో 15 యాత్రికులు డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ అనువారు చంద్రునిపై మొదటిసారి నడపిన శకటము సయితము విద్యుచ్ఛకటమే. బాటలేని నేలపై పోవునట్టిదే. భూమిపై దాని బరువు 210 కిలోలు. నాలుగు చక్రములకును నాలుగు చిన్న మోటారులు. ఒక్కొక్కటి పావు గుఱ్ఱపు బలము మాత్రమే. మోటారు 80 చుట్లు తిరిగిన చక్రము 1 చుట్టు తిరుగును. మేము 20 దగ్గఱ నేర్చిన పాఠమును వారు 80 వఱకు తీసికొనిపోయిరి. ప్రతి చక్రమునకును దాని బ్రేకు దానికే కలదు. ముందు చక్రములను త్రిప్పుటకు ఒక మోటారు, వెనుక చక్రములను త్రిప్పుటకు వేఱొకటి. తొలినాడు బండి యెక్కగానే ముందు చక్రములు తిరుగుటకు మొరాయించినవి. యాత్రికులు వెనుక చక్రములతోడనే బండిని త్రిప్పుకొని ఆనాటి పని ముగించుకొనిరి. మఱునాడు ముందువియు పనిచేసినవి. ఒకటి చెడిన రెండవది నిలుచునట్లు చేయుట యన నిట్లుండవలెనని నాకు తెలిసినది.

మేము బండిని మరల విప్పితిమి. వెనుక రెండు చక్రముల కుండలకే బ్రేకులు బిగించితిమి. ముందు చక్రములకు వేఱుగా తీగతో లాగు చేతిబ్రేకు పెట్టితిమి. గొలుసు తప్పకుండ దానిని బిగించు చిన్న చక్రమును చేర్చితిమి. బ్యాటరీని పీటక్రింద సాధ్యమైనంత దిగువకు దించితిమి. బరువు క్రిందనున్న బండి వాలున దొరలుట తక్కువ.

తరువాత పరీక్షలు వరుసగా జరిపితిమి. మొదట బండిని రాళ్లపై నెత్తి, చక్రములు గాలిలో త్రిప్పి చూచితిమి. రెండవది, సమభూమిపై నడపి ఎన్ని అడుగులలో నిలుచునో కొలిచితిమి. మూడవది, మనిషికి మాఱుగా ఇసుకబస్తాలు కట్టి, వెనుక మోకు పట్టుకొని కట్టపైకి నడిపితిమి. నాలుగవది ముఖ్యమైనది: కట్ట నడివాలున బండిని నిలిపి, గొలుసును మేమే చేతులార ఊడదీసితిమి. వెనుక బ్రేకులతో నిలిచినది. వానిని వదలి చేతిబ్రేకు నొక్కదానినే బిగించితిమి, అప్పుడును నిలిచినది. పావుగంటసేపు అట్లే యుంచితిమి. ఆ తరువాతనే మనిషిని ఎక్కనిచ్చితిమి.

మీ ఊరి యువకులెవరైన ఇట్టి పనికి పూనుకొన్నచో పెద్దలుగా మీరడుగవలసిన మాటలు మఱి కొన్ని యున్నవి. బ్యాటరీ కొసలో ఫ్యూజున్నదా? కూర్చున్నవాని చేతికందునట్లు మొత్తము విద్యుత్తును త్రుంచు మీట యున్నదా? 51 వోల్టుల దెబ్బ అంతటి భయంకరము కాకపోవచ్చును. కాని రెంచి జాఱి రెండు కొసలను కలిపినచో క్షణములో నిప్పురవ్వలు లేచి ఇనుము కరగును. కావున కొసలకు రబ్బరు తొడుగు లుండవలెను. పనిచేయువాని చేతికి ఉంగరము, కడియము నుండరాదు. బ్యాటరీ నింపునపుడు ఎవరైన దగ్గఱ నుండవలెను. గడ్డివామి ప్రక్కన నింపరాదు. ఇక చట్టము మాట: 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను లేని మోటారు బండిని బహిరంగ మార్గమున నడపరాదు. ఇట్టి ఇంటిబండి సొంత పొలమునకే పరిమితము. మా శిష్యుడు బండిని చెఱువువఱకు ట్రాలీలో తెచ్చుకొనుచున్నాడు. కట్టపై పరీక్షకును, కట్ట దాటి పోవుటకును దాని యజమానుల అనుమతి ముందుగనే పొందినాడు.

చంద్రయాత్రికులకు ఒక నియమముండెను. బండి చెడినచో కాలినడకన తిరిగి రాగల దూరమును దాటి పోరాదు. లెక్క ప్రకారము మా బండి పొలములో 16 కిలోమీటర్లు పోగలదు. మేమును ఆ నియమమునే పెట్టుకొందమని నేనంటిని. శిష్యుడు నవ్వి, "మాస్టారూ, నాన్న పది అడుగులు కూడా నడవలేరుగదా, ఆయనకు ఆ దూరమెంత?" అని యడిగెను. గురువు లెక్కను శిష్యుడు దిద్దినాడు. నడువలేనివాడు ఒంటరిగా ఎక్కరాదు. నడువగలవాడొకడు ప్రక్కన నడచుచుండవలెను. బండి వాని నడకను మించరాదు. అదియే మా నియమమైనది.

మొన్న మినుము పూతకు వచ్చినప్పుడు ఆయన చేనికి పోయెను. కుమారుడు ముందు, నేను వెనుక, నడుమ బండి. గట్టుదగ్గఱ బండి నాపి, దిగలేక, కూర్చున్నచోటనుండియే చేయి చాచి ఒక మొక్కను త్రుంచి చూచి, "పురుగు పడిందిరా, రెండేళ్లనుంచీ నువ్వు సరిగ్గా చూడడం లేదు" అని కొడుకును గదిమెను. వాడు తల వంచుకొని నవ్వెను. నాకును ఆ గదమాయింపు వినుట కెంతయో సంతోషమైనది.

సెలవు.