గిజిగాడు: గూడు మన తాటిచెట్టుకు.. పేరులో మాత్రం ఫిలిప్పీన్స్!

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు పొలం గట్ల మీద తాటాకులకు వేలాడే గూళ్లు చూసే ఉంటారు. అవి గిజిగాడివి. ఈ పిట్ట శాస్త్రీయ నామం ప్లోసియస్ ఫిలిప్పినస్. అంటే ఫిలిప్పీన్స్‌ది అని! విచిత్రం ఏంటంటే.. ఇది ఆ దేశపు పక్షే కాదు.

మరి ఆ పేరెలా వచ్చింది? 1760లో ఫ్రాన్స్‌కు చెందిన బ్రిసన్ దీన్ని ఫిలిప్పీన్స్ పక్షి అని రాశారు. మన దేశానికి ఎన్నడూ రాని లిన్నేయస్ అదే నమ్మి 1766లో పేరు ఖాయం చేసేశారు. తప్పని తెలిశాక అసలు చోటును శ్రీలంకగా సవరించారు. పేరును మాత్రం ముట్టుకోలేదు. అర్థం తప్పినంత మాత్రాన పాత పేరు తీసేయకూడదన్నది రూల్. లేదంటే ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టేస్తారు!

మారింది వర్గం. లిన్నేయస్ దీన్ని లాక్సియా అనే లావు ముక్కు పిట్టల్లో కలిపారు. తర్వాత ప్లోసియస్‌లోకి మార్చారు. గ్రీకులో ఆ మాటకు నేతగాడు అని అర్థం. ఇది మాత్రం మన పిట్టకు సరిగ్గా సరిపోయింది.

కొల్లేరు లాంటి చిత్తడి నేలల్లో, జమ్ములో గూడు కనిపిస్తే ఓసారి ఆగి చూడండి. ఛాతీ నిండా నల్లటి గీతలుంటే అది గిజిగాడు కాదు, దాని దాయాది ప్లోసియస్ మన్యార్.