టెథిస్ దేవి, టెథిస్ సముద్రము

గ్రీసు దేశపు పూర్వులు టెథిస్ అను నొక జలదేవతను గూర్చి చెప్పుకొనెడివారు. ఆమెకు పేరుమోసిన దేవాలయము లేదు. ఆమె కథలును వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే. అయినను ఆమె పేరునకు పట్టిన యదృష్టము చిత్రమైనది. శనిగ్రహమును చుట్టి తిరుగు నొక చంద్రునకును, భూమిమీద నొకప్పుడుండి మాయమైన యొక మహాసముద్రమునకును పండితులు ఆ పేరే యుంచిరి. ఆ సముద్రపు టడుగున ఏర్పడిన శిలలు నేడు మన యిండ్లలో, అందును దేవతార్చన పెట్టెలలో, పూజలందుచున్నవి. ఎక్కడి గ్రీసు, ఎక్కడి మన పూజాపీఠము! ఈ రెంటికిని ముడి యెట్లు పడినదో మనవి చేయుదును.

క్రీస్తుకు పూర్వము 700 ప్రాంతమున హెసియోడ్ అను కవి దేవతల వంశావళిని కావ్యముగా రచించెను. దాని ప్రకారము ఆకాశమూర్తియైన యురేనస్‌కును, భూదేవియైన గైయాకును పుట్టిన పండ్రెండుగురు పెద్దదేవతలలో టెథిస్ ఒకతె. వీరికి టైటనులని పేరు. ఆమె తన సోదరులలో నొకడైన ఓషియానస్‌ను వరించినది. సోదరుని వరించుట యేమని మనవారు చెవులు మూసికొందురేమో. సృష్ట్యాదిని మఱియొక కుటుంబమే లేదు గనుక ఆ కవికి వేఱు దారి లేకపోయినది. ఓషియానస్ అనగా ఉప్పుసముద్రము కాదు. భూమండలమును చుట్టివచ్చు నొక మహానది యని వారి తలంపు. ఐగుప్తదేశపు నైలునది మొదలు ఐరోపాలోని డాన్యూబు వఱకు లోకములోని నదులన్నియు ఆ దంపతుల కుమారులే. కుమార్తెలు మూడువేలమంది, నదులును అంతే సంఖ్య. ఇందఱి పేళ్ళు చెప్పుట మానవమాత్రునకు శక్యము కాదనియు, ఏ నదియొడ్డున నుండువారికి ఆ నది పేరు తెలిసియే యుండుననియు హెసియోడ్ చమత్కరించెను. మనకు గంగ, గోదావరి, కృష్ణవేణి తల్లులు. బ్రహ్మపుత్ర, శోణ వంటి కొన్నిటినే పురుషులుగా నెంచి నదములందుము. గ్రీకులకు దాదాపు నదులన్నియు మగవారే. ఆ మగవారందఱకును కన్నతల్లి టెథిస్.

హోమరు కవి యామెను మఱియొక రీతిగా చూపెను. ఇలియడ్ కావ్యమున దేవతల రాణియైన హీరా, చిన్నతనమున తన్ను పెంచిన తల్లి టెథిస్ అని చెప్పును. ఆ వృద్ధదంపతులు కలహించి చిరకాలముగా వేఱుపడి యున్నారనియు, పోయి వారిని సమాధానపఱచి వత్తుననియు భర్తయగు జ్యూస్‌తో ననును. నిజమున కది మగని మభ్యపెట్టుటకు కల్పించిన మాట. పెద్దల తగవు తీర్చుటకు పుట్టింటికి పోవలెనన్న నెపము ఏ దేశమున నైనను చెల్లునదే గదా!

ఇంకొక కథ నక్షత్రములకు సంబంధించినది. కాలిస్టో అను కన్య జ్యూస్ చేత మోసపోయి, యెలుగుబంటి రూపము పొంది, తుదకు ఆకాశమున తారకలలో జేరెను. హీరా యసూయ పట్టలేక టెథిస్ కడకు బోయి, ఆ యెలుగును నీ నీటిలో మునుగనీయకుమని కోరెను. పెంచిన తల్లి సరే యనెను. ఆ యెలుగుబంటిలోని యేడు చుక్కలే మన సప్తర్షి మండలము. గ్రీసు మనకంటె చాల ఉత్తరమున నున్నది గనుక, ఆ కాలమున నక్కడివారికి సప్తర్షులు అస్తమించుట యెన్నడును కానరాలేదు. దానికి వారు చెప్పుకొన్న కారణమిది. మన తెలుగుదేశమున సప్తర్షులు ఉదయించుచు, అస్తమించుచు నుందురు. కథ యే యక్షాంశమున పుట్టినదో కథయే చెప్పుచున్నది.

ట్రాయి యుద్ధవీరుడగు అకిలీసు తల్లి పేరు థెటిస్. ఈ రెండు పేళ్ళను కలిపివేయుట చదువరులలో కలదు. థెటిస్ మన టెథిస్‌కు దౌహిత్రి, వేఱు దేవత. రోమనుల కాలమున అంటియోకు నగరమందు, అనగా నేటి తుర్కీ దేశమందు, ధనికుల యిండ్ల నేలలపై రంగురాళ్ళతో కూర్చిన టెథిస్ రూపములు నేటికిని నిలిచియున్నవి. నుదుట చిన్న ఱెక్కలు, ప్రక్కన సముద్రసర్పము, చుట్టును చేపలు.

1684లో పారిసు నగరమున కస్సీని యను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు శనిగ్రహమునకు ఉపగ్రహముల రెంటిని క్రొత్తగా కనిపెట్టి, వానిని ఫ్రెంచి రాజు పేర వ్యవహరించెను. రాజుల పేళ్ళు ఆకాశమున నిలువవు. శని యనగా గ్రీకుల క్రోనస్ గనుక అతని తోబుట్టువుల పేళ్ళే తగునని, 1847లో జాన్ హెర్షెల్ అను నాంగ్లేయ పండితుడు వానిలో నొకదానికి టెథిస్ అని పేరు సూచించెను. 1980, 1981 సంవత్సరములలో వ్యోమనౌకలు దగ్గఱకు బోయి చూచినవి. సుమారు 1,060 కిలోమీటరుల యడ్డుకొలత గల ఆ గోళము ఇంచుమించుగా మంచుగడ్డయే, నీటికంటెను తేలిక. హెర్షెల్ ఎఱుగకయే జలదేవత పేరు తగినచోటికి చేర్చెను.

అంతకంటె గొప్పది రెండవ నామకరణము. వియన్నా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ స్యూస్ (1831–1914) అను భూగర్భశాస్త్రాచార్యుడుండెను. కొండలనుండి వియన్నాకు మంచినీటి కాలువను రప్పించుటలో ముఖ్యుడు గూడ నాతడే. ఆ నీరు 1873లో పట్టణమునకు వచ్చెను. ఆల్ప్స్ పర్వతములలోను, హిమాలయములలోను ఎత్తైన చోట్ల సముద్రజీవుల శిలారూపములు దొరకుచుండుటను బట్టి, ఐరోపా మొదలు తూర్పు ఆసియా వఱకు ఒకే సముద్రము వ్యాపించి యుండెనని యాయన నిర్ణయించెను. 1893లో దానికి టెథిస్ అని పేరిడెను. దానికి దక్షిణమున నుండిన మహాభూఖండమునకు ఆయనయే 1885లో గోండ్వానా భూమి యని పేరుపెట్టి యుండెను. గోండ్వానా యనగా గోండుల దేశము. ఆదిలాబాదు అడవులలో నున్న గోండుల జాతి పేరొకదరిని, గ్రీకుల జలమాత పేరు నడుమ నీటిని! మన గోదావరిలోయలోని సింగరేణి బొగ్గు గోండ్వానా శిలలలోనిదే.

అయితే ఆ సముద్రమేమైనది? ఖండములే కదలునని 1912లో జర్మనీ దేశీయుడగు వెగెనర్ చెప్పగా పలువురు నవ్విరి. 1960 తరువాతి పరిశోధనలతో ఆ మాటయే నిలిచినది. మన భరతఖండము ఒకప్పుడు ఆఫ్రికా, ఆస్ట్రేలియాల సరసన దక్షిణార్ధగోళమున నుండెడిది. దాని యుత్తరపు టంచున టెథిస్ అలలు కొట్టుచుండెను. ఆ ఖండము విడివడి ఉత్తరమునకు జరిగి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను ఢీకొనెను. నడుమనున్న సముద్రపు టడుగు కొంత భూగర్భమునకు దిగిపోయెను. కొంత ముడతలుపడి పైకిలేచి హిమాలయములలో చేరెను. ఆ త్రోపుడు ఇంకను ఆగలేదు. ఏటికి 4, 5 సెంటీమీటరుల చొప్పున మన దేశము ఉత్తరమునకు జరుగుచునే యున్నది. 1934లో బీహారును, 2015లో నేపాళమును కూల్చిన భూకంపములు ఆ యొత్తిడి ఫలములే. మధ్యధరాసముద్రము టెథిస్‌లో మిగిలిన తునుక యని స్యూస్ తలంచెను. దాని తూర్పుభాగమును గూర్చి నేటివారును అట్లే తలంతురు. అనగా గ్రీకులు ఆ దేవత కథలు చెప్పుకొనుచు ఓడలు నడపినది టెథిస్ నీటిమీదనే.

ఇక సాలగ్రామము మాట. నేపాళమున ముక్తినాథ క్షేత్రము 12,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. ఆ ప్రాంతమున కాళీగండకీ నది నల్లని పలకఱాళ్ళను కోసికొనుచు వచ్చి, వానిలోని గుండ్రని శిలలను దొర్లించి తెచ్చును. ఆ పలకఱాళ్ళు సుమారు 15 కోట్ల యేండ్లనాడు టెథిస్ అడుగున పేరుకొన్న బురద. ఆ నీటిలో అమ్మోనైట్లు అను జీవములుండెడివి. వానికి నత్తవలె చుట్టలు చుట్టుకొన్న పెంకు కలదు. కాని లోపల నది గదులుగదులుగా నుండును. ప్రాణి చివరి గదిలో నివసించును. వెనుకటి గదులలో గాలి నింపుకొని నీటిలో తేలును. అది చచ్చి యడుగునకు జేరగా బురద కప్పి, కాలక్రమమున పెంకు శిలయైనది. ఆ చుట్టయే మనము దర్శించు చక్రము. అమ్మోనైట్ల వంశము 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నశించినది.

ఇది చెప్పినపుడు కొందఱు పెద్దలకు కష్టము తోచును. కొందఱు యువకులు, ఇంతేనా, వట్టి గుల్లయా యని నవ్వుదురు. ఇరువురును తొందరపడుచున్నారని నా యభిప్రాయము. సాలగ్రామమున చక్రములను వజ్రకీటమను పురుగు తొలిచినదని మనవారు పూర్వమునుండి చెప్పుచునే యున్నారు. అనగా ఆ గుర్తులు ఉలితో చెక్కినవి కావనియు, ఒక ప్రాణి పనియనియు వారు చూచి గ్రహించిరి. ప్రాణి శిలను తొలిచెనని వారనిరి. ప్రాణిచుట్టును శిల యేర్పడెనని నేటి శాస్త్రము. ఇంతే భేదము. భక్తునకు శిలయందు కావలసినది దాని జన్మపత్రిక కాదు. శాస్త్రజ్ఞుడు అడుగునది దానినే.

చక్రము గల సాలగ్రామమున్నవారు అభిషేకమునకు ముందు దానిని వెలుతురున నొకసారి త్రిప్పి చూడవచ్చును. చుట్ట నడుమనుండి వెలుపలికి పోయినకొలది వెడల్పగుచుండును. ప్రాణి యెదిగినకొలది పాతగదిని మూసి, పెద్దగది కట్టుకొన్న క్రమమది. లోపలి కొన దాని శైశవము. వెలుపలి కొన టెథిస్ నీటిలో అది బ్రతికిన చివరి దినము.