యాడ్స్‌కి డబ్బుల్లేవా? కస్టమర్ నమ్మకం ఎలా వస్తుందో జహీరాబాద్ మహిళలు చూపించారు

షాపులో పక్కపక్కనే రెండు కొర్రల ప్యాకెట్లు ఉన్నాయి అనుకుందాం. ఒకటి టీవీలో యాడ్ వచ్చే పెద్ద కంపెనీది. ఇంకొకటి ఎక్కడో పల్లెలో మహిళా సంఘం ప్యాక్ చేసింది. రెండింటి మీదా 'ఆర్గానిక్' అనే రాసి ఉంది. మీ చెయ్యి దేని మీదికి వెళ్తుంది?

చాలామంది చెయ్యి తెలిసిన పేరు మీదికే వెళ్తుంది. రెండో ప్యాకెట్‌లో సరుకు బాగోలేదని కాదు. బాగుందని చెప్పేవాళ్లు లేరు, అంతే. చిన్న బ్రాండ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పంట ఉంటుంది, పనితనం ఉంటుంది. నమ్మకం కొనుక్కోవడానికి డబ్బు మాత్రం ఉండదు.

మరి డబ్బు లేకుండా నమ్మకం సంపాదించలేమా? ఈ ప్రశ్నకు సమాధానం హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ముంబై హైవే మీద ఉన్న జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో దొరుకుతుంది.

జహీరాబాద్‌లో ఏం జరిగింది?

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అందరూ డీడీఎస్ అంటారు. వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు.

ఈ సంస్థకు బలం ఊరూరా ఉన్న మహిళా సంఘాలు. సభ్యుల్లో ఎక్కువ మంది చిన్న, సన్నకారు రైతులు. దళిత మహిళలే ఎక్కువ. ఎర్ర నేలలు, వాన మీద ఆధారపడిన సాగు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, పెసర లాంటివి ఒకే చెల్కలో కలిపి వేస్తారు. నీళ్లు, ఎరువులు పెద్దగా అడగకుండా పండే ఈ పంటలను అక్కడ 'సత్యం పంటలు' అంటారు.

ఇప్పుడంటే చిరుధాన్యాలకు డిమాండ్ ఉంది. భారత్ ప్రతిపాదనతో ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. కానీ వీళ్లు మొదలుపెట్టిన రోజుల్లో పరిస్థితి వేరు. రేషన్ బియ్యం రావడంతో జొన్న రొట్టె 'పేదోళ్ల తిండి' అయిపోయింది. అంటే వీళ్ల ముందు రెండు సమస్యలున్నాయి. ఎవరూ అడగని సరుకును అమ్మాలి. అది మందులు కొట్టకుండా పండిందని నమ్మించాలి.

ముందు ఊళ్లో నమ్మకం.. తర్వాతే మార్కెట్

1990ల్లో ఈ సంఘాలు ఓ ప్రయోగం చేశాయి. బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో కొంత వాటాను ఊళ్లోనే నిల్వ చేసి, ఆకలి రోజుల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఒకరకంగా ఊరి సొంత రేషన్ షాపు అన్నమాట.

మరి ఎవరు పేద, ఎవరికి ఎంత ఇవ్వాలి? దీన్ని ఆఫీసులో కూర్చుని తేల్చలేదు. ఊరివాళ్లే అందరి ముందూ కూర్చుని చర్చించి నిర్ణయించారు. లిస్టు బహిరంగంగా తయారైతే అందులో దొంగలెక్కకు చోటు తక్కువ. పక్కింటి వాళ్ల పరిస్థితి పక్కింటి వాళ్లకు తెలియకుండా ఉండదు కదా.

తర్వాత సర్టిఫికెట్ విషయంలోనూ ఇదే సూత్రం పనికొచ్చింది.

సర్టిఫికెట్‌కే డబ్బు లేకపోతే?

'ఆర్గానిక్' అని నిరూపించుకోవడానికి మామూలుగా ఉండే దారి థర్డ్ పార్టీ సర్టిఫికేషన్. గుర్తింపు పొందిన ఏజెన్సీ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి చేను, రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. మన దేశంలో ఎగుమతుల కోసం 2001 నుంచి ఎన్‌పీవోపీ అనే విధానం ఇలాగే నడుస్తోంది.

దీంతో వచ్చిన చిక్కు ఏంటంటే.. ఫీజులు, కాగితాల పని. రెండెకరాల రైతుకు ఆ ఖర్చు ఎక్కడ గిట్టుబాటు అవుతుంది? పైగా విషం కొట్టే రైతు ఏమీ నిరూపించుకోనక్కర్లేదు, కొట్టని రైతే సొంత డబ్బు పెట్టి నిరూపించుకోవాలి.

దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చిందే పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్. షార్ట్‌గా పీజీఎస్. రైతులు ఒకరికొకరు పూచీ పడే పద్ధతి ఇది. బ్రెజిల్ దక్షిణ ప్రాంతంలో 'ఎకోవిడా' అనే రైతుల నెట్‌వర్క్ 1998 నుంచి ఇలాగే నడుస్తోంది. మన దేశంలో దీన్ని ముందుగా ఆచరణలో పెట్టిన సంస్థల్లో డీడీఎస్ ఒకటి. తర్వాత కేంద్ర ప్రభుత్వం కూడా పీజీఎస్-ఇండియా పేరుతో సొంత విధానం తెచ్చింది.

పీజీఎస్ ఎలా పనిచేస్తుంది?

సింపుల్‌గా చెప్పాలంటే ఇలా..

1. ఒకే ఊరు లేదా పక్కపక్క ఊళ్ల రైతులు గ్రూపుగా ఏర్పడతారు. పీజీఎస్-ఇండియాలో కనీసం ఐదుగురు ఉండాలి.

2. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడబోమని ప్రతి ఒక్కరూ అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తారు.

3. గ్రూపులోని తోటి రైతులే ఒకరి చేను ఇంకొకరు వెళ్లి చూస్తారు. ఏ విత్తనం వేశారు, ఏం చల్లారు, పక్క చేను నుంచి మందు కొట్టుకొచ్చే ప్రమాదం ఉందా.. ఇవన్నీ రాసుకుంటారు.

4. గ్రూపు కూర్చుని ఎవరు పాస్, ఎవరు కాదు అని నిర్ణయిస్తుంది. తప్పు చేసినవాళ్లను పక్కన పెడుతుంది.

ఇక్కడ కీలకమైన పాయింట్ ఒకటుంది. ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టర్ కళ్లుగప్పడం కష్టం కాకపోవచ్చు. రోజూ అదే గట్టు మీద నడిచే పక్క చేను ఆమె కళ్లుగప్పడం మాత్రం కష్టం. ఒక్కరు యూరియా చల్లితే గ్రూపు మొత్తం పేరు పోతుంది. అందుకే ఒకరి మీద ఒకరికి కన్ను ఉంటుంది.

పీజీఎస్-ఇండియాలో రెండు రకాల గుర్తింపులున్నాయి. రసాయనాల నుంచి మారుతున్న దశలో ఉన్న పొలానికి 'పీజీఎస్ గ్రీన్'. పూర్తిగా మారాక 'పీజీఎస్ ఆర్గానిక్'. ఇది కూడా నిజాయితీయే. "ఇంకా పూర్తిగా మారలేదు, మారుతున్నాం" అని లేబుల్ మీదే చెప్పడం.

యాడ్ బదులు జాతర, రేడియో

సంక్రాంతి వస్తే ఈ పల్లెల్లో పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, వాటి మీద రకరకాల విత్తనాలు పెట్టుకుని సుమారు నెల రోజుల పాటు ఊరూరా తిరుగుతారు. పాటలు, డప్పులు, ఊరి చావడి దగ్గర రైతుల మాటామంతీ. రెండు దశాబ్దాలకు పైగా ఇది నడుస్తోంది.

మార్కెటింగ్ భాషలో దీన్ని రోడ్ షో అనొచ్చు. కానీ తేడా ఉంది. ఇక్కడ సరుకు గురించి చెప్పేది సెలబ్రిటీ కాదు, పండించిన మనిషి. అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే సమాధానం చెప్పాల్సిందే.

ఇక రేడియో. 2008 అక్టోబర్ 15న మాచునూర్‌లో 'సంఘం రేడియో' ప్రారంభమైంది. 90.4 ఎఫ్ఎం. దళిత మహిళలే నడిపే కమ్యూనిటీ రేడియో. ప్రారంభించింది సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఆయన ఉన్నారు. పంటలు, విత్తనాలు, వంటలు, ఆరోగ్యం.. అన్నీ అక్కడి యాసలోనే. రోజూ వినే గొంతు పరాయిది అనిపించదు.

ఇంకో పని కూడా చేశారు. జహీరాబాద్‌లో 'కేఫ్ ఎత్నిక్' పేరుతో చిరుధాన్యాల వంటకాల హోటల్ పెట్టారు. కొర్రలు ఎలా వండాలో తెలియని కస్టమర్‌కు ప్యాకెట్ అమ్మితే అది వంటింటి అల్మారాలోనే ఉండిపోతుంది. అదే ముందు తినిపిస్తే? రుచి తెలిశాక సరుకు అడుగుతారు.

2019లో యూఎన్‌డీపీ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ డీడీఎస్‌కు దక్కింది. అంటే ఈ ప్రైజ్ వచ్చేసరికి 36 ఏళ్లు గడిచాయి.

ఇదంతా ఫ్రీనా? కాదు

ఇక్కడ ఓ మాట సూటిగా చెప్పుకోవాలి. ఈ పద్ధతిలో డబ్బు తక్కువ ఖర్చవుతుంది, టైమ్ మాత్రం చాలా ఖర్చవుతుంది. మీటింగులకు రావాలి, తోటి రైతు చేను చూడాలి, తప్పు కనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పాలి. చుట్టరికాలున్న ఊళ్లో అది చిన్న విషయం కాదు. తప్పు కప్పిపుచ్చితే మొత్తం వ్యవస్థే ఉత్తుత్తిదవుతుంది.

ఇంకో పరిమితి మార్కెట్. పీజీఎస్ దేశీయ అమ్మకాలకు మాత్రమే. విదేశాలకు ఆర్గానిక్ పేరుతో పంపాలంటే ఎన్‌పీవోపీ సర్టిఫికెట్ కావాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద సవాల్ దూరం. జహీరాబాద్ సంతలో కొనేవాళ్లకు రైతు ముఖం తెలుసు. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉండి కొనేవాళ్లకు తెలియదు. ముఖం చేసే పనిని అక్కడ ప్యాకెట్ చేయాలి.

మరి మీ చిన్న బ్రాండ్‌కి పనికొచ్చేది ఏంటి?

పచ్చళ్లు, పిండ్లు, సబ్బులు, చీరలు.. మీరు ఏది అమ్మినా ఈ పాయింట్లు పనికొస్తాయి.

*తేదీ దాచొద్దు.* సజ్జ పిండినే తీసుకోండి. అందులో కొవ్వు ఎక్కువ కాబట్టి పిండి పట్టిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. కస్టమర్‌కు ఈ సంగతి తెలియదు. 'కల్తీ' అనుకుంటారు. పిండి పట్టిన తేదీ, ఎన్ని రోజుల్లో వాడాలో ప్యాకెట్ మీద పెద్దగా రాస్తే ఆ అనుమానమే రాదు.

*లోపం మీరే ముందు చెప్పండి.* పాలిష్ చేయని కొర్రలు తెల్లగా ఉండవు, ఉడకడానికి టైమ్ పడుతుంది. ముందే చెబితే అదే క్వాలిటీకి గుర్తు. తర్వాత చెబితే సాకు.

*వాపసు తీసుకోండి.* ఓ లెక్క వేసుకుందాం. ప్యాకెట్ 120 రూపాయలు. నెలకు 100 అమ్ముడయ్యాయి. అందులో 3 వాపసు వచ్చాయి. మీరు తిరిగిచ్చేది 360 రూపాయలు. ఆ ముగ్గురూ "నచ్చలేదంటే డబ్బు ఇచ్చేశారు" అని పదిమందికి చెబుతారు. 360 రూపాయలకు అలాంటి యాడ్ ఎక్కడా రాదు.

*ముఖం చూపించండి.* ఫోన్‌లో తీసిన 30 సెకన్ల వీడియో చాలు. పిండి పడుతున్నప్పుడు, పచ్చడి కలుపుతున్నప్పుడు తీయండి. సెట్టింగులు అక్కర్లేదు.

*దొంగ రివ్యూలు కొనొద్దు.* ఆన్‌లైన్ రివ్యూల కోసం బీఐఎస్ 2022లోనే ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. అది పక్కన పెట్టినా, ఒకే రోజు వచ్చిన 50 ఫైవ్ స్టార్‌లను ఇప్పుడు కస్టమర్లు కూడా గుర్తుపడుతున్నారు.

*ఒంటరిగా ఉండొద్దు.* మీలాంటి నాణ్యతతో చేసే నలుగురిని కలుపుకోండి. ఒకరి సరుకు ఒకరు చెక్ చేసుకోండి. పీజీఎస్ అసలు రహస్యం ఇదే.

చట్టం ఏం చెబుతోంది?

తినే సరుకు అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ ఉండాలి. ఆ 14 అంకెల నంబర్ ప్యాకెట్ మీద వేయాలి. ప్యాక్ చేసిన సరుకు మీద బరువు, ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబర్ లాంటివి తప్పనిసరి. చాలామంది వీటిని తలనొప్పి అనుకుంటారు. కానీ చిన్న బ్రాండ్‌కి ఇవే చవకైన ప్రచారం. ఫోన్ నంబర్ రాసి, ఆ ఫోన్ ఎత్తితే చాలు, సగం నమ్మకం వచ్చేసినట్టే.

'ఆర్గానిక్' పదం విషయంలో మాత్రం జాగ్రత్త. ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఎన్‌పీవోపీ, పీజీఎస్-ఇండియా సర్టిఫికెట్లకు గుర్తింపు ఉంది. నేరుగా వినియోగదారుడికే అమ్మే చిన్న రైతులకు కొన్ని మినహాయింపులున్నా, సర్టిఫికెట్ లేకుండా 'జైవిక్ భారత్' లోగో వాడకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కస్టమర్‌గా మీకు అనుమానం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు.

చివరగా..

ఇప్పుడు చిరుధాన్యాల మార్కెట్‌లోకి పెద్ద కంపెనీలు వచ్చేశాయి. మెరిసే ప్యాకెట్లు, పెద్ద డిస్కౌంట్లు. ధరలో వాళ్లతో పోటీపడటం రెండెకరాల రైతు వల్ల కాదు. యాడ్స్‌లో అసలే కాదు. ఆమె చేతిలో మిగిలింది మాట ఒక్కటే. ఆ మాట నిలబడితే ఆ సీజన్‌లో మంచి రేటు వస్తుంది, విత్తనం మళ్లీ చేనెక్కుతుంది. మాట పోతే పంట దళారి చెప్పిన రేటుకే పోతుంది.

అందుకే ఈసారి పేరు తెలియని చిన్న ప్యాకెట్ కనిపిస్తే వెంటనే పక్కన పెట్టకండి, గుడ్డిగా కొనకండి కూడా. వెనక్కి తిప్పి తేదీ, చిరునామా, సర్టిఫికెట్ చూడండి. నంబర్‌కి ఫోన్ చేసి "ఎక్కడ పండించారు?" అని అడగండి. సమాధానం తడుముకోకుండా వస్తే.. ఓ అర కిలోతో మొదలుపెట్టి చూడండి.