కంప్యూటరు ఎందుకు మొరాయించింది?

చిన్న గిన్నెలో తవ్వెడు బియ్యం వండబోతే ఏమవుతుంది? పొంగి పొయ్యిపాలవుతుంది. తప్పు గిన్నెదీ కాదు, బియ్యానిదీ కాదు. కొలత చూసుకోని వంటవాడిది. కంప్యూటరు విషయంలోనూ అంతే.

మా బడి వార్షిక సంచికను పిల్లలూ మేమూ కలిసి కంప్యూటరులోనే కూరుస్తాం. ఒక సంవత్సరం ఇరవై ఫొటోలు చేర్చేసరికి యంత్రం మొరాయించింది. ఒక్క పేజీ తిప్పాలంటే నిమిషాల తరబడి కాచుకోవాలి! "ఇది పాతబడింది, కొత్తది కొనాలి" అన్నారంతా. కొందామంటే సూక్ష్మదర్శినుల కోసం దాచిన సొమ్ము తప్ప వేరే లేదు. అప్పుడు పదో తరగతి అమ్మాయి ఒకతె, "మాస్టారూ, ఆ డిస్కు దీపం ఆగకుండా మినుకుమంటోంది, ఎందుకండీ?" అని అడిగింది. గుట్టంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కంప్యూటరులో మెమరీ మనం పనిచేసే బల్ల వంటిది. డిస్కు పక్కగదిలోని బీరువా వంటిది. మెమరీలోని ఒక సంఖ్యను అందుకోవడానికి సుమారు సెకనులో కోటో వంతు చాలు. తిరిగే డిస్కులో వెతికి తేవడానికి సుమారు సెకనులో వందో వంతు పడుతుంది. అంటే లక్ష రెట్ల ఆలస్యం! బల్ల నిండితే కంప్యూటరు కొంత సరుకును బీరువాలో పెట్టి, కావలసినప్పుడల్లా తెచ్చుకుంటుంది. దీపం మినుకుమన్నది అందుకే.

మరి బల్ల ఎందుకు నిండింది? లెక్క వేద్దాం. మా ఫొటో ఒక్కొక్కదానిలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలున్నాయి. మొత్తం 1,20,00,000. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్ల చొప్పున 36 మెగాబైట్లు. డిస్కులో అదే ఫొటో నాలుగైదు మెగాబైట్లే ఉండవచ్చు. కాని బిగించి కట్టిన దూది మూటను విప్పితే గది నిండినట్లు, తెరపై చూపడానికి విప్పగానే అంతవుతుంది. ఇరవై ఫొటోలకు 720 మెగాబైట్లు. మా కంప్యూటరు మెమరీ 512 మాత్రమే!

సంచికలో ఫొటో వెడల్పు 3 అంగుళాలు, ఎత్తు రెండుంపావు. మా ప్రింటరు అంగుళానికి 300 చుక్కలు వేస్తుంది. కనుక 900 × 675 చుక్కలు చాలు. అంటే 2 మెగాబైట్ల లోపే. ఇరవైకీ కలిపి 37 లోపే. ఫొటోలను ఆ కొలతకు తగ్గించి చేర్చాం. పేజీలు చకచకా తిరిగాయి. అచ్చులో తేడా ఎవరికీ కనబడలేదు. సూక్ష్మదర్శినులూ వచ్చాయి!

యంత్రానికి తగినట్లు పనిని మలచడం కొత్త విద్య కాదు. 1985లో వచ్చిన యాపిల్ వారి లేజర్‌రైటర్ కూడా అంగుళానికి 300 చుక్కలు వేసేది. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు గల కాగితానికి 84,15,000 చుక్కలు. నలుపో తెలుపో చెప్పడానికి చుక్కకు ఒక బిట్టు కావాలి. సెకనుకు 9,600 బిట్లు మోసే తీగ మీద వాటిని పంపితే ఒక్క పేజీకి 14 నిమిషాలు దాటుతుంది. అందుకే "ఫలానా అక్షరాన్ని ఫలానా చోట ఉంచు" అనే ఆదేశాలనే పంపేవారు. చుక్కలు పెట్టుకునే పని ప్రింటరుది. ఆ ఆదేశాల భాషే పోస్ట్‌స్క్రిప్ట్.

కనుక యంత్రం నెమ్మదించినప్పుడు దాన్ని తిట్టకండి. పని ఎక్కడ ఆగుతోందో ముందు చూడండి, తరువాత లెక్క కట్టండి. మీరూ చేసి చూడండి: 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తున అచ్చయ్యే ఫొటోకు అదే ప్రింటరు మీద ఎన్ని చుక్కలు కావాలి? ఎన్ని బైట్లు?