నీటి స్కూటరుకు దొరకని ముక్క

విశాఖపట్నం దగ్గిర ఋషికొండ సముద్రతీరానికి వెళ్ళినవాళ్ళు నీటి స్కూటర్లను చూసే ఉంటారు. మోటారుసైకిలు మీద కూర్చున్నట్టే కూర్చుని, మనిషి అలల మీద దూసుకుపోతాడు. వెనక తెల్లగా నీళ్ళు ఎగజిమ్ముతాయి. దానికి చక్రాలు లేవు, తెరచాప లేదు, మరపడవకు ఉండే రెక్కల చక్రం కూడా పైకి కనపడదు. మరి అది ఎలా పోతున్నది?

ఒక రబ్బరు బుడగను ఊది, మూతి కట్టకుండా వదిలెయ్యండి. గాలి వెనక్కు పోతుంది, బుడగ ముందుకు పోతుంది. నీటి స్కూటరు చేసే పనీ అదే. గాలికి బదులు నీరు, అంతే తేడా. బండి అడుగున ఒక కంత ఉంటుంది. ఇంజను తిప్పే రెక్కల చక్రం ఆ కంత గుండా నీటిని లోపలికి లాగి, వెనక ఉన్న ఇరుకు మూతిలోంచి మహావేగంగా బయటికి తోస్తుంది. హాండిలు తిప్పితే ఆ మూతి పక్కకు తిరుగుతుంది, దానితో బండీ తిరుగుతుంది. ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. ఎదురుగా ఏదైనా రాగానే కొత్తవాళ్ళు భయపడి, ముందు ఇంజను వేగం తగ్గించి, తరవాత హాండిలు తిప్పుతారు. ధార లేకపోతే బండి తిరగదు గదా! తిన్నగా పోయి దాన్నే గుద్దుకుంటుంది.

ఈ బండిని ఊహించినవాడు అమెరికాకు చెందిన క్లేటన్ జేకబ్సన్. అతనికి మోటారుసైకిళ్ళంటే ప్రాణం. 1960ల మధ్యలో అతను మొదటి నమూనా తయారుచేశాడు. కెనడాలో మంచు మీద నడిచే బళ్ళు చేసే బొంబార్డియర్ కంపెనీ అతని ఆలోచనను తీసుకుని, 1968లో "సీ-డూ" అనే బండిని అమ్మకానికి పెట్టింది. అది అట్టే కాలం సాగలేదు, కొద్ది ఏళ్ళలోనే ఆపేశారు. తరవాత 1973లో జపాను కంపెనీ కవాసాకి, నిలబడి నడిపే బండిని "జెట్ స్కీ" అనే పేరుతో తెచ్చింది. అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరే అయినా, జనం ఇప్పుడు ఎవరు చేసిన బండినైనా అలాగే పిలుస్తున్నారు.

ఆ కాలపు బళ్ళను దాచుకుని, ఇంకా నీటి మీద నడుపుతున్నవాళ్ళు ఉన్నారు. నలభై యాభై ఏళ్ళ బండిలో ఏదో ఒక భాగం విరుగుతుంది, అరుగుతుంది. దుకాణంలో అడిగితే దొరకదు. ఎందుకు దొరకదు? బండిలోని చాలా భాగాలను అచ్చుల్లో పోసి చేస్తారు. బండి చెయ్యటం మానేసిన కొన్నేళ్ళకు ఆ అచ్చులను కూడా కంపెనీవాళ్ళు దాచి ఉంచరు.

అన్ని పాత బళ్ళకూ ఒకే కష్టం రాదు. కవాసాకి 440 అనే బండిని 1977 నుంచి 1992 దాకా చేశారు. అలాంటి బళ్ళు పాడయిపోయినవి ఎన్నో ఉంటాయి కనక, ఒకదాని నుంచి ఊడదీసి మరొకదానికి బిగించుకోవచ్చు. "వెట్‌బైక్" కథ వేరు. నీటి మీద నడిచే ఈ మోటారుసైకిలును కనిపెట్టినవాడు నెల్సన్ టైలర్ అనే అమెరికావాడు. ఇది 1977లో జేమ్స్ బాండ్ సినిమాలో కనపడి, మరుసటి ఏడు అమ్మకానికి వచ్చింది. చక్రాల చోట ముందొకటి, వెనకొకటి స్కీలు ఉంటాయి. వేగం అందుకోగానే బండి వాటి మీద నీటి పైకి లేస్తుంది. దాని ఇంజను సుజుకీ కంపెనీది కనక ఇంజను భాగాలకు ఎక్కడో ఒకచోట ఆశ ఉన్నది. ఆ స్కీలు మాత్రం మరే బండికీ లేవు. ఒకటి విరిగిందా, ఇంకో వెట్‌బైక్ యజమానిని వెతుక్కోవలసిందే!

ఇప్పుడు అరచేతిలో పట్టే ఒక ముక్క సంగతి చూద్దాం. లోపల రెక్కల చక్రం తిరుగుతుందన్నాను గదా. చాలా బళ్ళలో దాని చుట్టూ ఒక కంకణం బిగించి ఉంటుంది. రెక్కల కొసలకూ కంకణానికీ మధ్య సందు వెంట్రుకవాసి ఉండాలి; మిల్లీమీటరు దాటితే కంకణం మార్చమంటారు. సందు పెరిగితే, వెనక్కు చిమ్మవలసిన నీరు రెక్కల కొసల మీదుగా జారి, వచ్చిన దోవనే పోతుంది. ఇంజను గోల చేస్తుంది గాని బండి కదలదు. పొలంలో నీరు తోడే పంపు అరిగిపోతే మోటారు తిరుగుతూనే ఉండి నీరు సన్నగా రావటం మీలో కొందరు చూసే ఉంటారు. రెండింటి జబ్బూ ఒకటే.

ఈ అరుగుదలకు కారణం ఇసుక. లోతు లేనిచోట ఇంజను నడిపితే కంత గుండా ఇసుకా, గులకరాళ్ళూ లోపలికి వస్తాయి. 1990ల నాటి సీ-డూ బళ్ళలో ఈ కంకణాన్ని కావాలనే ప్లాస్టిక్‌తో చేశారు. ఖరీదైన రెక్కల బదులు చవకైన కంకణం అరుగుతుందని!

దొరకని చక్రాన్ని పోత పోయించుకోకూడదా? పాత చక్రాన్నే ఇసుకలో అదిమి, ఆ గుంటలో కరిగిన అల్యూమినియం పోస్తే అచ్చు గుద్దినట్టు అలాంటిదే రావాలి గదా? రాదు. కరిగిన అల్యూమినియం చల్లారేటప్పుడు నూటికి ఇంచుమించు 1.3 వంతు కుంచించుకుపోతుంది. 140 మిల్లీమీటర్ల చక్రం మీద లెక్క కట్టండి: దాదాపు 1.8 మిల్లీమీటర్లు చిన్నదవుతుంది. అంటే చుట్టూ 0.9 మిల్లీమీటరు సందు అదనంగా వచ్చిందన్నమాట. మిల్లీమీటరు కూడా ఉండకూడని చోట! అందుకని పోత పని తెలిసినవాళ్ళు నమూనాను కాస్త పెద్దదిగా చేసుకుంటారు. వాళ్ళ కొలబద్దలో గీతలే మామూలు దానికన్నా ఎడంగా ఉంటాయి. పోత అయ్యాక ఎక్కువైనది లేతు మీద తీసేస్తారు.

ఒక్కొక్కప్పుడు అదృష్టం పండి, ఏ మూతపడిన దుకాణంలోనో ఎవరూ వాడని భాగం సీలు తియ్యని పొట్లంలో దొరుకుతుంది. లోహపు భాగమైతే పండుగే. రబ్బరుదైతే సంతోషించటానికి లేదు, వాడకపోయినా రబ్బరు ఏళ్ళ మీద గట్టిపడి చిట్లుతుంది. పెట్రోలు గొట్టాల విషయంలో మరీ జాగ్రత్త. 1990ల సీ-డూ బళ్ళలో బూడిదరంగు గొట్టాలు కొన్ని ఉండేవి. అవి ముసలివయ్యే కొద్దీ లోపల జిగురుగా కరిగి, ఆ జిగురు కార్బ్యురేటరులోని సన్నని జల్లెడను మూసేస్తుంది. ఆ ఇంజన్లకు నూనె పెట్రోలుతోపాటే లోపలికి వెళుతుంది. పెట్రోలు సరిగా అందకపోతే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది, చివరకు పిస్టన్ బిగుసుకుపోతుంది. చవక గొట్టం మార్చనందుకు ఇంజనే పోయిందన్నమాట.

సరే, కంకణం దొరికింది, బిగించారు. పరీక్షించటానికి బండిని ఇంటి దగ్గిరే నడిపి చూడాలి. ఈ ఇంజను చల్లబడేది చుట్టూ ఉన్న నీటితో, నేల మీద ఆ నీరు ఉండదు. కనక తోట గొట్టంతో నీరు ఎక్కిస్తారు. ముందు నీరు విప్పి తరవాత ఇంజను నడపాలా, ముందు ఇంజను నడిపి తరవాత నీరు విప్పాలా? ముందు నీరే అని మీరంటే ఇంజను పాడయినట్టే. ఇంజను తిరుగుతున్నప్పుడు పొగ, నీటిని బయటికి తోసేస్తూ ఉంటుంది. పొగ లేకపోతే నీరు ఎదురెక్కి సిలిండరులో చేరుతుంది. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కటం సాధ్యం కాదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాబట్టి ముందు ఇంజను, తరవాత నీరు. ఆపేటప్పుడు ముందు నీరు కట్టెయ్యాలి, తరవాత ఇంజను ఆపాలి.